ఈ పెట్టె మీదేనా?

కంపెనీ వకీలు మా అమ్మాయి తయారుచేసిన పెట్టెను, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి జడ్జిగారికి చూపించాడు.

"బల్లమీద ఆడుకునే మా 'కోటముట్టడి' ఆట పేరు దీనిమీద వేసుకున్నారండీ. జనం ఇదీ మా సరుకేనని మోసపోతున్నారు. అమ్మకం ఆపించండి."

ఆహా, ఏం పెద్దమనిషండీ! "కోటముట్టడిలో వాడుకోదగ్గ అదనపు బొమ్మలు. ఆ కంపెనీకీ మాకూ సంబంధం లేదు" అని నా బంగారుతల్లి మూతమీద ఎంత చక్కగా అచ్చువేయించిందో ఆయనగారి కంటికి ఆనలేదు. అమ్మకం ఆగితే దాని మూడేళ్ళ కష్టం బూడిదే.

అమ్మాయి ఒక ఉత్తరం అందించింది. పోయినేడు ఒకాయన పెట్టె ఫొటో పంపి "ఇది మీదేనా?" అని అడిగితే ఆ కంపెనీయే ఇచ్చిన జవాబు. జడ్జిగారు పైకి చదివారు.

"మాది కాదు. మూతమీదే రాసి ఉంది. చదవడం వచ్చినవాళ్ళెవరూ పొరబడరు."

కేసు కొట్టేశారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

బయట వకీలు పళ్ళు నూరాడు. "పనిగట్టుకుని ఆ ప్రశ్న అడిగిన మొద్దెవడమ్మా?"

అమ్మాయి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"మా నాన్నండీ. అయిదో క్లాసు దాకా చదివారు."