తాబేలవ్వ వేసిన అచ్చులు

వానలకు మడుగు కట్ట తెగబోతే దున్నలూ తాబేళ్ళూ కలిసి మట్టి మోసి దాన్ని నిలబెట్టాయి. పని ముగియగానే దున్నపోతు, "తక్కువ మోసినవాళ్ళు మడుగు వదిలి పోవాలి" అంది. లెక్కను బొమ్మలుగా గీయమని నక్కకు చెప్పింది.

నక్క తడి ఇసుకలో తట్ట బొమ్మలు గీసింది. ఒక్కో బొమ్మకు పది తట్టల మట్టి అని చాటింది. దున్నల బొమ్మలు బానలంత, తాబేళ్ళవి రేగుపండ్లంత. దున్నల వరుస బారెడు, తాబేళ్ళది జానెడు.

"చూశావా అవ్వా, మీ వరుస పొట్టిది. ఇక సర్దుకో" అని నవ్వింది దున్నపోతు.

ముసలి తాబేలుకు ఒళ్ళు మండింది. మట్టి మోసి డిప్ప అరిగిపోయింది. ఒడ్డున పెట్టిన గుడ్లు ఇంకా పగలలేదు. వాటిని వదిలి ఎక్కడికి పోతుంది?

"ఒరే నక్కా! పదంటే వాడికీ పదే, నాకూ పదే. వాడి పదికి అంత బొమ్మా, నా పదికి ఇంత బొమ్మా?"

నక్క గీసిన ఒక్కో బొమ్మకు ఒక్కో అచ్చు చొప్పున, అవ్వ తన డిప్పనే ఇసుకలో అదుముతూ రెండు వరుసలూ మళ్ళీ వేసింది. దున్నల వరుస ఆరు అచ్చులకే ఆగింది. తాబేళ్ళ వరుస దాన్ని దాటి సాగింది.

"జరుగు" అంది దారిలో నిలబడ్డ నక్కతో. నక్క జరిగింది. "ఇంకా జరగరా!"

వెనక్కి జరిగి జరిగి నక్క మడుగులో బుడుంగున పడింది. తాబేళ్ళు కేరింతలు కొట్టాయి. దున్నపోతు తల దించుకుని మడుగు వదిలి కదలబోయింది.

"ఎక్కడికిరా? ఉండు" అంది అవ్వ. "ఇకమీద బొమ్మలు మాత్రం నేనే వేస్తాను."