కెన్యా స్టేటస్

"ఫోన్ ఇవ్వను. ఆఫీసుకి టైమైంది" అన్నాడు తారక్ బూట్లు వేసుకుంటూ.

ఉదయలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒక్క నిమిషం చాలంది. ఎదురు ఫ్లాటు నవీన వాట్సాప్‌లో కొత్త స్టేటస్ ఏం పెట్టిందో చూసి ఇచ్చేస్తానంది.

"నీ ఫోన్లో చూసుకోవచ్చుగా?"

"నా ఫోన్లో చూస్తే, చూసినవాళ్ళలో నా పేరు పడుతుందండీ. దాని ఫొటోల కోసం నేను కాచుకుని కూర్చున్నట్టు ఉండదూ?"

"మరి నా పేరు పడదా?"

"మగవాళ్ళ పేరు పడితే ఎవరికి కావాలి? ఇటివ్వండి."

తారక్ ఇచ్చాడు. ఇవ్వకపోతే ఆ పూట గుమ్మం దాటేవాడు కాదు.

నవీన, ఆమె మొగుడు రాఘవేందర్, పిల్లలిద్దరినీ తీసుకుని అడవి జంతువుల్ని చూపించడానికి కెన్యా వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ తాళంచెవి ఉదయలక్ష్మి చేతిలో పెట్టి, కుండీలకి నీళ్ళు పోయమంది నవీన. ఉదయలక్ష్మి నవ్వుతూనే తీసుకుంది. లిఫ్ట్ తలుపు మూసుకోగానే ఆ నవ్వు ఆరిపోయింది. మైత్రీవనం వెనక సందులో ఒకే అపార్ట్‌మెంట్, ఒకే అంతస్తు, పిల్లలది ఒకే స్కూలు. వాళ్ళ పిల్లలు పైకప్పు తెరిచిన జీపులో నిలబడి ఏనుగుల గుంపుల్ని చూస్తున్నారు. తన కొడుకు హవీష్ మొన్న జూపార్కులో చూసింది నిద్రపోతున్న సింహం వీపు. ఎంత పిలిచినా అది ఇటు తిరగనే లేదు.

ఉదయలక్ష్మి చెడ్డ మనిషి కాదు. కుండీలకి రోజూ నీళ్ళు పోసింది. కాకపోతే పోస్తున్నంతసేపూ గొణిగింది. నవీన జిరాఫీ పెట్టిన రోజు కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఖడ్గమృగం పెట్టిన రోజు హవీష్‌ని ఊరికే కసిరింది.

హవీష్‌కి తల్లి బాధ అర్థమైంది. ఫోన్లో ఒక సెట్టింగు మారిస్తే ఎవరి స్టేటస్ చూసినా పేరు పడదని చెప్పాడు. ఉదయలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. కానీ అలా మారిస్తే తన స్టేటస్‌లు ఎవరెవరు చూశారో తనకీ కనపడదట. మొన్న పెట్టిన ఆవకాయ జాడీల ఫొటో ఎవరు చూశారో తెలియకుండా ఎలా? వద్దులే అంది.

ఆ మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళిన సమయం చూసి తారక్ ఫోనుతో సహా ఉడాయించాడు. కాసేపటికి పై అంతస్తు దుర్గాంబ గారు ఫోన్ చేసి, సింహం ఏకంగా నవీన వాళ్ళ జీపు పక్కకే వచ్చిందని, చూశావా అని అడిగింది. ఏ సింహం అండీ అంది ఉదయలక్ష్మి, ఏమీ ఎరగనట్టు. ఫోన్ పెట్టేసి ఇంట్లో రెండు చుట్లు తిరిగింది. సాయంత్రం దాకా ఆగడం ఆవిడ వల్ల కాలేదు. డబ్బాలో పెరుగన్నం కలుపుకుని, అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పక్క స్టేషన్ పంజాగుట్టలో దిగి, నేరుగా మొగుడి ఆఫీసుకి వెళ్ళింది.

తారక్ కిందికి వచ్చాడు. డబ్బా వంక, ఆవిడ వంక చూసి, ఫోన్ తెరిచి చేతికిచ్చాడు.

నిజంగానే సింహం. జూలు విదిల్చుకుంటూ జీపు చక్రాన్ని ఆనుకుని నిలబడి ఉంది. పైన నవీన కూతురు పింకీ, దాని తమ్ముడు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. ఆ పిల్లల మొహాల్ని పెద్దవి చేసి చూసింది ఉదయలక్ష్మి. హవీష్ అలా ఒళ్ళు మరిచి దేన్నయినా చూడటం తనెప్పుడూ చూడలేదు. కడుపు భగ్గుమంది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"వచ్చే సెలవుల్లో మనమూ వెళ్దామండీ" అంది.

"సింహాన్ని చూడటానికా, స్టేటస్ పెట్టడానికా?" అన్నాడు తారక్.

ఉదయలక్ష్మికి ఒళ్ళు మండింది. ఫోన్ ఆయన చేతిలో పెట్టి, పెరుగన్నం డబ్బా మాత్రం ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయింది.

ఆదివారం నవీన వాళ్ళు తిరిగొచ్చారు. సామాన్లు ఇంకా గుమ్మంలో ఉండగానే నవీన, పింకీ వచ్చి బెల్లు కొట్టారు. హవీష్ కోసం చెక్క జిరాఫీ తెచ్చారు.

"అప్పుడే వచ్చేశారా? ట్రిప్పు బాగా జరిగిందా నవీనా?" అంది ఉదయలక్ష్మి, తాళంచెవి అందిస్తూ.

"మస్తుగ జరిగింది అక్కా. నా స్టేటస్‌లు చూసిండ్రా?"

ఉదయలక్ష్మి ఇన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే.

"స్టేటస్‌లు పెట్టావా ఏంటి? పనుల్లో పడి అసలు ఫోనే చూడలేదమ్మా."

"ఒక్కటి సుత చూడలేదా? తారకన్న రోజూ చూసిండు గదా, మీకు చెప్పలేదా?"

"ఆయన ఇంట్లో ఏం చెబుతారు?"

నవీన మొహం చిన్నబోయింది. సామాన్లు సర్దుకోవాలని ఏదో అనేసి, తలొంచుకుని తన ఫ్లాట్లోకి వెళ్ళిపోయింది. ఉదయలక్ష్మి కడుపు చల్లబడింది. ఇన్నాళ్ళ మంటా ఒక్క దెబ్బతో ఆరింది. ఆ సంతోషంలో పింకీని దగ్గరికి తీసుకుని, చేతిలో జంతిక పెట్టి, సింహం కనిపించిందా అని ముద్దుగా అడిగింది.

"కనిపించింది ఆంటీ, మా జీపు పక్కకే వచ్చింది. నేను చూసిన, తమ్ముడు చూసిండు, డాడీ ఫొటో సుత తీసిండు" అంది పింకీ జంతిక కొరుకుతూ. "మమ్మీ ఒక్కతే చూడలే. మీ పేరు వచ్చిందా లేదా అని ఫోన్లనే చూస్కుంట కూసుంది."