మేకల షెడ్డు వెడల్పు

చూపుతోనే అంగుళం తేడా లేకుండా కొలిచే మొనగాడు వడమాలపేటలో మునిరత్నం ఒక్కడే. మేకల షెడ్డుకి ముగ్గుపిండితో గీత గీసి, "ఇరవై అడుగుల వెడల్పు పెడదాం," అన్నాడు భార్యతో.

"ఐదడుగులు సాలు," అంది అక్కమ్మ.

"ఏమ్మే, అది షెడ్డా, సందా?"

"నడిమద్దెన నిలబడి సేతులు సాపితే రెండు గోడలూ తగలాల. మేక యాడుండాదో తడిమి తెలుసుకోవచ్చు."

"నేనెందుకు తడమాల?"

"నువ్వు గీసిన గీత పక్కోళ్ల సేన్లోకి పోయింది. కండ్లు మసకబారినాయని నాకు తెలవదనుకున్నావా? సూపు పోయినా మేకల్ని నువ్వే సూసుకోవాల. ఇంకొకరికి ఇయ్యను."

మునిరత్నం రెండు చేతులూ మెల్లగా చాపాడు. "సరే, అంతే వేద్దాం," అన్నాడు.

అన్నాడన్నది నా కల్పన. చాపిన చేతులు మాత్రం చాలాసేపు దించలేదు.