చెప్పిన రోజుకే

“మేష్టారూ! ఆ గుడ్డ ఎక్కడికండీ?” మిషను ఆపి అరిచాడు దర్జీ సీమోను. రాజోలు సెంటరంతా వినపడింది.

టెరికాటన్ ప్యాంటు గుడ్డ చంకలో పెట్టుకుని, ఎదుటి దర్జీ నూకరాజు కొట్టు మెట్టెక్కబోతున్న కామర్స్ లెక్చరర్ నరసింహమూర్తి ఠక్కున ఆగిపోయారు.

“చెప్పిన రోజుకి బట్టలిచ్చేస్తే జనం విరగబడతారని మీరే కదండీ పాఠం చెప్పేరు? మూణ్ణెల్లుగా ఇచ్చేస్తున్నానండీ. జనం విరగబడలేదు, నా నడుం విరిగింది. నూకరాజు ఏనాడైనా టైముకిచ్చేడా?”

“ఇవ్వడయ్యా. నాలుగుసార్లు తిప్పుతాడు. అంటే చేతినిండా పనుందనేగా? నువ్వు టైముకి ఇచ్చేస్తుంటే, బేరాల్లేక ఖాళీగా ఉన్నావని మా ఆవిడ అనుమానం.”

“మరి మీ పాఠమండీ?”

“అది పరీక్షకయ్యా. ఇది ప్యాంటు!”

ఇంతలో పాపాయమ్మగారొచ్చారు. “సీమోనూ, నా జాకెట్టయిందా?”

హుక్కులతో సహా సిద్ధంగా ఉన్న జాకెట్టును సీమోను మెల్లగా గుడ్డపీలికల కిందికి తోశాడు.

“ఎక్కడండీ! ఊపిరాడని పని. పై గురువారం కనపడండి.”

ఆవిడ అలాగేనని వెళ్లిపోయారు. మేష్టారు వెనక్కి తిరిగి, రోడ్డు దాటి వచ్చారు.

“అంత పనుందా? అయితే ఇదీ కుట్టిపెట్టు.”

“అక్కడ పడేసి వెళ్లండి. ఎప్పుడిస్తావని మాత్రం అడక్కండి.”

“అడగనయ్యా, అడగను!” మేష్టారి ముఖం వెలిగిపోయింది.