నిమిషానికి నాలుగు దుప్పట్లు

ఆవిడ ఆసుపత్రి లాండ్రీలోకి వచ్చిన రోజు ఎర్రలైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

మామూలుగా అయితే రోజూ ఎవరో ఒకరి మీద వెలుగుతుంది.

పైకప్పుకి కొత్తగా కెమెరా బిగించారు. ఎవరెన్ని దుప్పట్లు మడతపెట్టారో అదే లెక్కపెడుతుంది. నిమిషానికి నాలుగు. తగ్గితే ఎర్రలైటు. నెలలో మూడుసార్లు వెలిగితే ఉద్యోగం ఊడినట్టే.

ఆడవాళ్లంతా దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టుకున్నారు.

అక్కడ అందరికంటే పాత మనిషి పెద్దక్క. పోయిన నెలే ఆమె సొంత చెల్లెల్ని ఈ అత్తగారు ఇంటికి పంపేసింది.

“నా తరఫున ఒక్క మాటైనా అన్నావా?” అని చెల్లెలు ఆమెతో మాటలు మానేసింది.

నిజమే, అనలేదు. అప్పటికే తన మీద రెండు లైట్లు పడ్డాయి. భయపడింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇప్పుడీ కొత్త మనిషి. చేతిలో గడియారం, నోటుబుక్కు.

సూపర్‌వైజర్ కుర్చీ వేయించాడు. “ఈ మేడమ్ మూడు రోజులు మీ పని చూస్తారు. జాగ్రత్త.”

“కెమెరా చాల్లేదని మనిషిని కూడా దింపారు,” అని గొణిగింది ఇస్త్రీ మిషన్ దగ్గరామె.

“అత్తగారికి ఆడపడుచు తోడైంది,” అంది పెద్దక్క.

ఆవిడ లేచి వాళ్ల దగ్గరికే వచ్చింది. “మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి. నా కోసం తొందరపడొద్దు.”

ఆవిడ అటు తిరగ్గానే పెద్దక్క గొంతు తగ్గించింది.

“విన్నారా? నెమ్మదిగా చేస్తే రాసుకుపోదామని. తడిగుడ్డతో గొంతు కోసే రకం.”

“మరేం చేద్దాం?”

“ఒంట్లో సత్తువంతా ఈ మూడు రోజులూ చూపిద్దాం. మనలో ఇంకొకరు బయటికి పోకూడదు.”

చూపించారు. మంచినీళ్లకి ఆగలేదు. టాయిలెట్‌కి వెళ్లలేదు. నిమిషానికి అయిదు మడతపెట్టారు. పెద్దక్క నొప్పి భుజానికి పట్టీ బిగించి ఆరు దాకా వెళ్లింది.

రెండో రోజు ఆవిడ పెద్దక్క పక్కకొచ్చి నిలబడింది.

“భుజం నొప్పిగా ఉందా అమ్మా?”

“నొప్పా? అలవాటుగా కట్టుకుంటాను, అంతే.”

“ఈ వేగం కష్టంగా లేదూ?”

“ఇదో పనా! ఆడుకున్నట్టుంటుంది నాకు.” ఒక నవ్వు కూడా జోడించింది.

“అసలు నేనెవరో చెప్పనివ్వండి...”

“మీరెవరైతే మాకెందుకు మేడమ్? మాటల్లో పెట్టి మా చేతులాపకండి.”

ఆవిడ రాయబోయి ఆగింది. పెద్దక్క ముఖంలోకి మళ్లీ ఒకసారి చూసి, అప్పుడు రాసుకుంది.

మూడో రోజు సాయంత్రం వెళ్లొస్తానని అందరికీ చెప్పింది. ఒక్కరూ తలెత్తలేదు.

ఆవిడ గేటు దాటగానే చప్పట్లు.

“ఒక్క లైటూ పడలేదు! పీడ విరగడైంది!”

పెద్దక్క దుప్పట్ల కుప్ప మీద కూలబడి, భుజం పట్టుకుని, ఏడుస్తూనే నవ్వింది.

రెండు వారాల తర్వాత చెల్లెలు ఇంటికొచ్చింది. చేతిలో కాగితాలు.

“కెమెరా మీద కోర్టులో కేసు వేశాను అక్కా. నీ మీద కోపంతో నీకు చెప్పలేదు.”

“ఎంత మంచి పని చేశావే! ఏమైంది?”

“ఓడిపోయాను. ఆ కెమెరా అక్కడే ఉంటుందట.”

“ఎందుకే?”

“కోర్టు పంపిన మనిషి ఏం రాసిందో నువ్వే చదువు.”

పెద్దక్క కళ్లద్దాలు పెట్టుకుని చివరి పేజీ తిప్పింది.

‘ఈ వేగం మనుషులు తట్టుకునేది కాదని నాకు ఇప్పటికీ అనుమానమే. కానీ మానవ హక్కుల న్యాయ నిపుణురాలిగా దానికి సాక్ష్యం దొరుకుతుందేమోనని మూడు రోజులు కూర్చుంటే ఒక్క ఎర్రలైటూ వెలగలేదు, భుజానికి పట్టీ కట్టుకున్న పెద్దావిడని రెండుసార్లు అడిగినా ఆడుకున్నట్టుంటుందని నవ్వుతూ చెప్పారు.’