మూడు డిగ్రీలు ఎక్కువ

రేవు దగ్గర సముద్రం మూడు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంది. అటుపక్కా లేదు, ఇటుపక్కా లేదు. ఒక్క అక్కడే.

పద్నాలుగు నెలలుగా ఆ మూడు డిగ్రీలు వాతావరణ ఆఫీసరును పీక్కు తింటున్నాయి. ఆ రేవు లెక్క అరవై ఏళ్ల నాటిది. అక్కడ నీళ్లు వేడెక్కాయంటే మేఘాలు దారి మళ్లుతాయి. లోపలి ఊళ్లకు వాన మొహం చాటేస్తుంది. కిందటేడు ఆ లెక్క నమ్మి, వానలుండవని రాశాడు. రైతులు మెట్టపైర్లు వేసుకున్నారు. వాన కుండపోతగా కురిసింది.

కుళ్లిన పైరు మధ్య నిలబడి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నీ సముద్రం చెప్పేదంతా నీటిమీద రాతేనా?"

ఈ సాయంత్రానికి మళ్లీ అంచనా పంపాలి. అందుకే పొద్దున్నే తనే రేవుకు బయల్దేరాడు.

పడవవాడు తెడ్డు వేస్తూ నవ్వాడు. "ఆ నీళ్లకి ఊపిరుంది సార్. రేవులో కొలతలు తీసే ఆవిడ రోజూ వాటితో మాట్లాడుతుంది, అవి వేడెక్కుతాయి. మా ఆవిడ మాట్లాడితే నేను వేడెక్కినట్టు."

అంతలోనే నవ్వు ఆపేశాడు. రేవు వచ్చేదాకా తల వంచుకుని తెడ్డు వేశాడు.

నీళ్ల వేడి కొలిచే ఆవిడ రాతిగట్టు చివర బకెట్‌తో నిలబడి ఉంది. పక్కన ఒక పొడి చొక్కా, తువ్వాలు మడత పెట్టి ఉన్నాయి. ఎగిరిపోకుండా పైన ఒక రాయి.

"ఎవరివమ్మా ఇవి?"

"మా ఆయనవి సార్. రాగానే చలేస్తుంది గదా."

ఆఫీసరు సముద్రం వైపు చూశాడు. కనుచూపు మేరలో ఒక్క పడవా లేదు. వేటకెళ్లి ఉంటాడనుకున్నాడు.

ఆవిడ తాడుతో బకెట్ దించి, నీళ్లు చేదింది. బకెట్‌ను నీడలోకి జరిపి, వెంటనే థర్మామీటరు ముంచింది. పనిలో వంక పెట్టడానికేం లేదు. ఇద్దరూ వంగి చూశారు.

పద్దెనిమిది.

ఆవిడ పుస్తకం తెరిచి ఇరవై ఒకటి అని రాసింది.

ఆఫీసరు పుస్తకం లాక్కుని పేజీలు వెనక్కి తిప్పాడు. పద్దెనిమిది, పదిహేడు, పద్దెనిమిది. పద్నాలుగు నెలల కిందటి ఒక మంగళవారం నుంచి అన్నీ ఇరవై ఒకట్లే. ఆ మంగళవారం పేజీ తడిసి ఆరినట్టు ఉబ్బి ఉంది.

"కళ్లెదుటే అబద్ధం రాస్తావేంటమ్మా? నీ ఉద్యోగం సంగతి అటుంచు. ఈ అంకెతోనే మా చెల్లెలి పొలం మునిగింది. ఊళ్లకు ఊళ్లే మునిగాయి."

గాలికి చొక్కా అంచు కదిలితే ఆవిడ రాయి సర్దింది.

ఆఫీసరు పెన్ను తీశాడు. ఇరవై ఒకటి కొట్టేసి పద్దెనిమిది రాయబోయాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి బకెట్‌లో నీళ్లంత చల్లగా ఉంది.

"కొట్టెయ్యకండి సార్. ఆ మంగళవారం గాలింపు పడవవాళ్లు ఫోన్ చేసి, నీళ్లు ఇరవై కన్నా చల్లగా ఉంటే మనిషి బతకడు, వెతకడం ఆపేస్తామన్నారు."