ఆవిరిని వినే మనిషి

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

బాయిలర్ గది పక్కన, ఆవిరి గొట్టం దగ్గర గొంతుక్కూర్చున్న ముసలాయన తల తిప్పలేదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వుకి ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"నిన్నే!"

"ఒక్క నిమిషం అమ్మా. ఇది లోపల కారుతోంది."

ఆమెకు ఒళ్ళు మండాల్సింది. మండలేదు. కొన్ని వారాలుగా ఆమెకు ఏదీ సరిగా తగలడం లేదు. తిన్నది తిన్నట్టు తెలియదు, పడుకున్నది పడుకున్నట్టు తెలియదు.

ఆ బట్టల అద్దకం మిల్లులో పొగ తగ్గించే బాధ్యత ఆమెది. ఎంత బొగ్గు కాల్చారో, ఎంత కార్బన్ గాల్లో కలిసిందో నెలనెలా రాసి, బట్ట కొనే విదేశీ కంపెనీకి పంపాలి. పనివాళ్ళు ఆమెకు 'పొగలెక్కలమ్మ' అని పేరు పెట్టారు. చేరి ఏడాదైనా బాయిలర్ గదిలో అడుగుపెట్టింది మూడుసార్లే. మిగతా రోజులన్నీ కంప్యూటర్ ముందే.

కంపెనీ మాట ఒక్కటే. ఏటేటా పొగ తగ్గాలి. లేదంటే బట్ట ఇంకోచోట కొంటారు. అదే జరిగితే మిల్లులో మూడు వందల మందీ ఇంటిదారి పట్టాలి.

వాళ్ళ తనిఖీ బృందం ఇంకో గంటలో వస్తోంది.

"గుర్తింపు కార్డేది?"

"లేదమ్మా."

"ఏ కాంట్రాక్టరు మనిషివి?"

"ఎవరి మనిషినీ కాదు. మంగళవారం, శుక్రవారం వచ్చి పోతుంటా. మీ బాయిలర్ ఆపరేటర్‌కి తెలుసు."

ఆపరేటర్ కాలు విరిగి ఊళ్ళో మంచం మీద ఉన్నాడు. నెలయింది.

"కార్డు లేని మనిషి బాయిలర్ దగ్గర కనబడితే మా కొంప మునుగుతుంది. వెళ్ళు. ఇంకెప్పుడూ రావద్దు."

ముసలాయన లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు.

"సరేనమ్మా. ఈ వాల్వు ఒక్కటీ మార్పించండి. దీన్లోంచి పోయే ఆవిరి కంటికి కనబడదు."

ఆమె గేటు వైపు చెయ్యి చూపించింది. ఆయన వెళ్ళిపోయాడు.

తనిఖీ బాగా జరిగింది. వచ్చినవాళ్ళు గోడకున్న కొత్త మీటర్లను ఫొటోలు తీసుకున్నారు. నాలుగేళ్ళుగా బొగ్గు వాడకం తగ్గుతూ వచ్చినట్టు చూపే గీతను చూసి తలలూపారు. మేనేజరు ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆమె నవ్వింది. నవ్వాలని గుర్తొచ్చి నవ్వింది.

మరుసటి నెల ఆ గీత పైకి లేచింది.

ఆ పై నెల ఇంకా లేచింది.

మీటర్లు అమ్మినవాణ్ణి పిలిపించింది. "మీటరు ఎంత కాలిందో చెప్తుంది గానీ, ఎక్కడ పోతోందో చెప్పదు కదండీ," అన్నాడు వాడు.

మూడో నెలలో ఆపరేటర్ కుంటుకుంటూ పనిలోకి వచ్చాడు. గొట్టాల వెంట అటూ ఇటూ నడిచి, తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"మేడమ్, పెద్దాయన రావట్లేదా?"

"నేనే రావద్దన్నాను."

ఆపరేటర్ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నూట పన్నెండు వాల్వులున్నాయి మేడమ్ మనకి. ఆవిరి కారితే ఆ మేరకు బొగ్గు ఎక్కువ కాలాలి. ఏది కారుతోందో చెవితో చెప్పేవాడాయన. ఆయన చెప్పింది చెప్పినట్టు నేను మార్చేవాణ్ణి."

"అయితే పిలుద్దాం. కార్డిప్పించి, ఉద్యోగంలో పెట్టుకుందాం."

"ఉద్యోగమా? ఆయనకా?" ఇంకేదో అనబోయి ఆగాడు. "ఆయన సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మీరే వెళ్ళి అడగండి మేడమ్."

ఆపరేటర్ చెప్పిన చిరునామాలో, టైలర్ కొట్టు పైన రెండు గదుల ఇల్లు. ఆయన భార్య తలుపు తీసింది.

పొగలెక్కలమ్మ తానెవరో చెప్పింది. ఎందుకొచ్చిందో చెప్పింది.

"ఆయన పోయి రెండు వారాలైందమ్మా. గుండె ఆగిపోయింది. రా, కూర్చో."

ఆమె కూర్చుంది. ఏడుపు రాలేదు. కింద కుట్టు మిషన్ ఆగి ఆగి నడుస్తోంది. దాన్నే వింటూ ఉండిపోయింది.

"ఆయన్ని ఇంటికి పంపేసింది నేనేనండీ," అంది చివరికి.

"తెలుసు. 'ఆ అమ్మాయి పని ఆ అమ్మాయి చేసింది' అన్నారు. నీ మీద కోపం లేదు. అయినా మంగళవారం వస్తే చాలు, చొక్కా తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేవారు."

"ఆయన ఏ మిల్లులో బాయిలర్ చూసేవారు?"

"ఎక్కడా చూడలేదు. అరవై దాటాక నేర్చుకున్నారు. మీ ఆపరేటరే నేర్పాడు."

"ఆ వయసులోనా? ఎందుకు?"

పెద్దావిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి ఏమీ లేదు, ఊరికే తుడుచుకుంది.

"ఆరేళ్ళ కింద ఏటికి అవతల ఒక అద్దకం మిల్లు మూతపడింది. పొగ తగ్గించమని బట్ట కొనేవాళ్ళు మూడుసార్లు ఉత్తరం రాశారు. మిల్లు యజమాని 'వాళ్ళు అలాగే బెదిరిస్తారులే' అని విప్పి కూడా చూడలేదు. కొనడం మానేశారు. రెండు వందల మంది రోడ్డున పడ్డారు. మీ ఆపరేటరూ వాళ్ళలో ఒకడే. సగం మందికి పైగా ఇప్పుడు మీ దగ్గరే చేస్తున్నారు."

"అంటే, ఈయన కూడా అక్కడే పనిచేసేవారా?"

"లేదమ్మా," అంది పెద్దావిడ. "ఆ మిల్లు ఆయనదే."